లిమరెన్స్

ఒక వ్యక్తిపై కలిగిన వలపు మనసంతటినీ ఆక్రమించి, ఆ వ్యక్తి కూడా తనను వలచాలన్న ఆరాటం తప్ప వేరే ధ్యాస లేకుండా చేసే మానసిక స్థితిని లిమరెన్స్ అంటారు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డొరొతీ టెనోవ్ (1928–2007) ఈ పదాన్ని సృష్టించి, 1979లో ప్రచురించిన ‘లవ్ అండ్ లిమరెన్స్’ గ్రంథంలో దాని లక్షణాలను వివరించారు. కామవాంఛ ఇందులో ఉండవచ్చు గాని అది ప్రధానం కాదు. అవతలివారి మేలు కోరే ప్రేమ, కలిసి బతకడం వల్ల పెరిగే అనురాగం దీనికి తోడు కావచ్చు, కాకపోనూ వచ్చు. ఈ స్థితిలో ఉన్నవారు అన్నిటికంటే ఎక్కువగా కోరేది తమ వలపుకు బదులు వలపు. అది దక్కుతుందో లేదో తేలనంతకాలం లిమరెన్స్ బలపడుతూ ఉంటుంది. తేలిపోయాక, జవాబు ఏదైనా సరే, క్రమంగా సడలుతుంది.

వైద్యులు, కవులు, ఆలంకారికులు ఏనాటి నుంచో ఎరిగిన స్థితి ఇది. ఇరవయ్యో శతాబ్ది చివరి పాదంలో దీనికి ఒక శాస్త్రీయమైన పేరు దొరికింది. ఆ తరువాత మెదడు చిత్రాలు, రక్త పరీక్షల సాయంతో దీని మీద పరిశోధన మొదలైంది.

పదం పుట్టుక

టెనోవ్ కనెటికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్ విశ్వవిద్యాలయంలో బోధించేవారు. ప్రేమలో పడిన అనుభవం గురించి ఆమె ఐదువందల మందికి పైగా స్త్రీపురుషులను ప్రశ్నావళుల ద్వారా, ముఖాముఖిగా అడిగి తెలుసుకున్నారు. వయసు, చదువు, వృత్తి వేరైనా చాలామంది ఇంచుమించు ఒకే అనుభవాన్ని ఒకే తీరున వర్ణించారు. కొందరికి మాత్రం అది బొత్తిగా తెలియదు. ప్రేమకథల్లోని నిద్రలేమి, విలాపం అంతా రచయితల అతిశయోక్తి అని వారు నమ్మేవారు. వారు ప్రేమించలేనివారు కారని, భాగస్వామిపై ఆప్యాయత, ఆకర్షణ వారికీ ఉంటాయని టెనోవ్ గమనించారు. అంటే ‘ప్రేమ’ అనే ఒక్క మాట కింద వేర్వేరు అనుభవాలు కలగాపులగమై ఉన్నాయన్నమాట. వాటిలో ఒకదాన్ని వేరుచేసి చూపడానికి ఆమెకు కొత్త పదం అవసరమైంది.

మొదట ‘అమోరెన్స్’ అనుకుని, తరువాత ‘లిమరెన్స్’గా మార్చారు. దీనికి లాటిన్, గ్రీకు ధాతువులు ఏవీ లేవు. పాత అర్థాల నీడ పడకూడదనే అలా కల్పించారు. ఇంగ్లీషులో అప్పటికే వాడుకలో ఉన్న ‘ఇన్‌ఫాచ్యుయేషన్’, ‘క్రష్’ వంటి మాటల్లో కుర్రతనం, తేలికదనం ధ్వనిస్తాయి. వాల్ట్ డిస్నీ 1942లో తీసిన ‘బాంబీ’లో గుడ్లగూబ పాత్ర వాడిన ‘ట్విటర్‌పేటెడ్’ అనే మాట పూర్తిగా హాస్యానిది. టెనోవ్ వర్ణించదలచినది హాస్యానికి లొంగేది కాదు.

లక్షణాలు

టెనోవ్ గుర్తించిన లక్షణాల్లో మొదటిది, పిలవకుండానే వచ్చి పడే తలపు. అవతలి వ్యక్తిని గురించిన ఆలోచన పనిలో, భోజనంలో, నిద్రలో చొరబడుతుంది. తీవ్రదశలో రోజులో అత్యధిక భాగం దానికే సరిపోతుంది. జరిగిన చిన్న సంభాషణను మళ్లీ మళ్లీ నెమరు వేసుకోవడం, జరగబోయే కలయికను ఊహించుకోవడం ఇందులోని భాగాలే.

రెండోది, అవతలివారి స్పందనను బట్టి మనఃస్థితి మారిపోవడం. ఒక నవ్వు, ఒక ఫోన్ కాల్ ఆనాటిని పండుగ చేస్తుంది. పలకరించకుండా వెళ్లిపోతే లోకమంతా చీకటవుతుంది. ప్రతి మాటలో, చూపులో, మౌనంలో దాగిన అర్థం వెతకడం అలవాటవుతుంది. సందిగ్ధత ఎక్కువైనప్పుడు ఛాతీ మధ్యలో నొప్పి లాంటిది కలుగుతుందని, స్పందన అనుకూలంగా కనిపిస్తే గాలిలో తేలినట్టు ఉంటుందని అనేకులు చెప్పారు.

మూడోది, తిరస్కారభయం. అవతలి వ్యక్తి ఎదుట మాట తడబడటం, చెమట పట్టడం, గుండెదడ, సిగ్గు సామాన్యం. ఇతరుల ముందు చక్కగా మాట్లాడేవారు సైతం ఆ ఒక్కరి ముందు మూగబోతారు. నాలుగోది, గుణాలను పెంచి, లోపాలను పట్టించుకోకపోవడం. లోపం కనిపించదని కాదు. కనిపించినా అది కూడా ముద్దుగానే తోస్తుంది. ఇవి కాక, ఒకేసారి ఇద్దరిపై ఈ స్థితి కలగకపోవడం, ఆటంకాల వల్ల తీవ్రత పెరగడం, మిగిలిన బాధ్యతలన్నీ వెనక్కి జరిగిపోవడం కూడా టెనోవ్ జాబితాలో ఉన్నాయి.

ఆశ, సందిగ్ధత

లిమరెన్స్ నిలబడాలంటే రెండూ కావాలి: కొంత ఆశ, కొంత అనుమానం. ఆశ పూర్తిగా పోతే అది అణగిపోతుంది. అనుమానం పూర్తిగా తీరితే తీవ్రత తగ్గి, మామూలు అనురాగంగా మారుతుంది. ఫ్రెంచి నవలాకారుడు స్టెంధాల్ 1822లో వెలువరించిన ‘ద లమూర్’ గ్రంథంలో ఈ సంగతిని ముందే పట్టుకున్నాడు. మిలాన్ నగరానికి చెందిన మెతిల్ద్ దెంబోవ్‌స్కీపై తన వలపు ఫలించని కాలపు అనుభవమే ఆ గ్రంథానికి మూలం. సాల్జ్‌బర్గ్ ప్రాంతపు ఉప్పుగనిలో పడేసిన ఎండుకొమ్మ కొన్ని నెలలకు మెరిసే స్ఫటికాలతో నిండిపోయినట్టు, ప్రేమికుడి ఊహ అవతలి వ్యక్తిని లేని గుణాలతో అలంకరిస్తుందని ఆయన వివరించాడు. దీనికి ‘స్ఫటికీకరణ’ అని పేరుపెట్టాడు. ఆయన చెప్పిన ఏడు దశల్లో సందేహం ఆరోది. అది పుట్టిన తరువాతే రెండో స్ఫటికీకరణ జరిగి, వలపు గట్టిపడుతుంది.

సందేహానికి ఉన్న ఈ శక్తిని 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగం పరీక్షించింది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 47 మంది విద్యార్థినులకు, వారి ఫేస్‌బుక్ ప్రొఫైళ్లను కొందరు యువకులు చూశారని చెప్పారు. ఆ యువకులకు మీరు బాగా నచ్చారని కొందరికి, ఓ మోస్తరుగా నచ్చారని కొందరికి, నచ్చారో లేదో చెప్పలేమని మిగిలినవారికి తెలిపారు. ఏ సంగతీ తేల్చి చెప్పని మూడో వర్గమే ఆ యువకుల పట్ల ఎక్కువ ఆకర్షణ చూపింది, వారి గురించి ఎక్కువగా ఆలోచించింది.

భయం, ఉద్వేగం కూడా ఆకర్షణను పెంచుతాయి. డొనాల్డ్ డటన్, ఆర్థర్ అరోన్ 1974లో కెనడాలోని కపిలానో లోయపై ఊగే వేలాడు వంతెన దాటిన పురుషులను ఒక యువతి చేత సర్వే పేరుతో పలకరింపజేసి, ఆమె ఫోన్ నంబరు ఇప్పించారు. నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది ఆమెకు ఫోన్ చేశారు. తక్కువ ఎత్తులో ఉన్న గట్టి వంతెన మీద నంబరు తీసుకున్న 16 మందిలో ఇద్దరే చేశారు. వంతెన వల్ల కలిగిన గుండెదడను కొందరు ఆమె వల్ల కలిగినదిగా పొరబడ్డారని పరిశోధకుల వివరణ.

వ్యవధి, ముగింపు

టెనోవ్ అంచనాలో లిమరెన్స్ సాధారణంగా ఏడాదిన్నర నుంచి మూడేళ్ల వరకు ఉంటుంది. కొన్ని వారాల్లో ఆరిపోయేవి, దశాబ్దాలు సాగేవి కూడా ఉన్నాయి. ఇది మూడు విధాలుగా ముగుస్తుందని ఆమె చెప్పారు. మొదటిది, బదులు వలపు దక్కి బంధం స్థిరపడటం. రెండోది, ఆశకు ఏ ఆధారమూ దొరకక ఎండిపోవడం. మూడోది, మరో వ్యక్తి మీదికి మళ్లడం. అప్పుడప్పుడు కనిపించే చిన్న అనుకూల సూచనలు రెండో మార్గాన్ని మూసేస్తాయి. కాబట్టి ఒకే కార్యాలయంలో, ఒకే కళాశాలలో రోజూ ఎదురుపడేవారికి ఇది త్వరగా వదలదు.

ప్రాచీన వైద్యంలో

వలపు శరీరాన్ని జబ్బు చేయిస్తుందన్న నమ్మకం పాతది. సెల్యూకస్ రాజు కుమారుడు అంటియోకస్ మంచం పట్టినప్పుడు, సవతి తల్లి స్ట్రాటోనికే గదిలోకి వచ్చిన ప్రతిసారీ అతని నాడి, ముఖకాంతి మారడం చూసి గ్రీకు వైద్యుడు ఎరాసిస్ట్రేటస్ కారణం కనిపెట్టాడని ప్లూటార్క్ రాశాడు. రాజు తన భార్యనే కుమారుడికిచ్చి పెళ్లి చేశాడు. రోమన్ వైద్యుడు గేలెన్ కూడా, పైలడీస్ అనే నర్తకుడి పేరు వినగానే ఒక గృహిణి నాడి తప్పడం గమనించి, ఆమె నిద్రలేమికి మూలం తెలుసుకున్నానని చెప్పుకున్నాడు.

పదకొండో శతాబ్దికి చెందిన ఇబ్న్ సీనా ‘ఇష్క్’ను మనోవ్యాధుల్లో చేర్చి, నాడి పట్టుకుని ఊర్లు, వీధులు, పేర్లు వరుసగా చెబుతూ ప్రేయసి ఎవరో పట్టుకునే పద్ధతి వివరించాడు. అరబ్బీ వైద్యగ్రంథాలు లాటిన్‌లోకి వెళ్లాక మధ్యయుగ యూరప్‌లో ‘అమోర్ హెరియోస్’ అనే రోగం పాఠ్యాంశమైంది. ఫ్రెంచి వైద్యుడు జాక్ ఫెరాన్ దీనిపై ప్రత్యేక గ్రంథం రాశాడు. 1621లో వచ్చిన రాబర్ట్ బర్టన్ ‘అనాటమీ ఆఫ్ మెలంకలీ’లో ప్రేమ వల్ల కలిగే విషాదానికి పెద్ద భాగమే ఉంది.

భారతీయ సంప్రదాయం, తెలుగు కావ్యాలు

యూరప్ వైద్యులు దీన్ని రోగంగా చూడగా, భారతీయ శాస్త్రకారులు దశలుగా విభజించారు. వాత్స్యాయనుడి కామసూత్రాల్లో పది మన్మథావస్థలు ఉన్నాయి: చక్షుఃప్రీతి, మనస్సంగం, సంకల్పం, నిద్రాభంగం, చిక్కిపోవడం, ఇతర విషయాలపై విముఖత, లజ్జానాశం, ఉన్మాదం, మూర్ఛ, మరణం. భరతుడి నాట్యశాస్త్రం అభిలాష, చింతన, అనుస్మృతి, గుణకీర్తనం, ఉద్వేగం, విలాపం, ఉన్మాదం, వ్యాధి, జడత, మరణం అని మరో వరుస ఇచ్చింది. ఎడతెగని చింతన, గుణాలను పొగుడుకోవడం, మిగతా పనులపై విముఖత టెనోవ్ జాబితాలోనూ కనిపిస్తాయి. భేదం ఒక్కటే: అలంకారశాస్త్రంలో ఈ అవస్థలు నటుడికి, కవికి ఉపకరించే సామగ్రి. కావ్యనాయికను చివరి అవస్థ దాకా తీసుకుపోకుండా ఆపడం కవిసమయం.

తెలుగు ప్రబంధకవులు ఈ అవస్థలను విస్తారంగా వాడుకున్నారు. విరహతాపం, చందనలేపనాలు, తామరాకుల పాన్పు, చంద్రుణ్నీ మన్మథుణ్నీ నిందించడం ప్రబంధాలకు తప్పనిసరి అంగాలయ్యాయి. శ్రీనాథుడి ‘శృంగార నైషధం’లో దమయంతి నలుణ్ని చూడకముందే అతని గుణాలు విని వలచింది. హంస మాటలు ఆ వలపును మరింత పెంచాయి. లిమరెన్స్‌కు పరిచయం కంటే ఊహే ముఖ్యమన్న మాటకు ఇది మంచి ఉదాహరణ.

అల్లసాని పెద్దన ‘మనుచరిత్ర’లో వరూధిని కథ దీన్ని ఇంకా లోతుగా చూపుతుంది. పాదలేపం ప్రభావంతో హిమాలయానికి వచ్చిన ప్రవరుడు ఆమెను నిరాకరించి, అగ్నిదేవుణ్ని ప్రార్థించి ఇంటికి వెళ్లిపోయాడు. ఆమె విరహంలో పడింది. అంతకుముందు ఆమె కాదన్న ఒక గంధర్వుడు ప్రవరుడి రూపం ధరించి వస్తే ఆమె గుర్తించలేకపోయింది. మనిషిని కాక, మనసులో నిలిచిన రూపాన్ని వలవడం ఎలా ఉంటుందో పదహారో శతాబ్దిలోనే పెద్దన కథగా కట్టాడు.

మానవ సమాజాలన్నిటిలోనా?

గాఢమైన వలపు యూరప్ సంస్కృతి కల్పించినదని ఒకప్పుడు కొందరు వాదించేవారు. మానవ శాస్త్రవేత్తలు విలియం జాన్‌కోవియక్, ఎడ్వర్డ్ ఫిషర్ 1992లో 166 సమాజాల సమాచారాన్ని పరిశీలించారు. వాటిలో 147 చోట్ల, అంటే 88.5 శాతం సమాజాల్లో, దానికి ఆధారాలు కనిపించాయి. మిగిలినచోట్ల అది లేదని తేలలేదు, తగిన సమాచారం దొరకలేదంతే. పెళ్లిళ్లు పెద్దలు కుదిర్చే సమాజాల్లోనూ ఈ అనుభవం ఉంది. దాన్ని బయటపెట్టే తీరు, దానికి సమాజం ఇచ్చే చోటు మాత్రమే మారుతాయి.

మనస్తత్వ శాస్త్రంలో స్థానం

టెనోవ్ పుస్తకం వచ్చేనాటికి ప్రేమపై పరిశోధన గౌరవప్రదమైన పనిగా గుర్తింపు పొందలేదు. 1975లో అమెరికన్ సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ ప్రజాధనం వృథాపై ప్రకటించిన ‘గోల్డెన్ ఫ్లీస్’ వ్యంగ్య పురస్కారాల్లో మొట్టమొదటిది, ప్రేమపై అధ్యయనానికి 84,000 డాలర్లు ఇచ్చినందుకు నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు దక్కింది. ఆ అధ్యయనం చేసిన ఎలెన్ బెర్షైడ్, ఇలేన్ హాట్‌ఫీల్డ్ తరువాత ఈ రంగానికి పునాదులు వేసినవారిగా పేరు పొందారు. హాట్‌ఫీల్డ్ ప్రేమను ఉద్వేగభరిత ప్రేమ, సహచర ప్రేమ అని రెండుగా విభజించారు. మొదటిదాన్ని కొలవడానికి ఆమె, సుసన్ స్ప్రెచర్ కలిసి 1986లో ప్రశ్నావళి రూపొందించారు. అదే ఏడాది రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ సాన్నిహిత్యం, ఉద్వేగం, నిబద్ధత అనే మూడు భుజాల సిద్ధాంతం ప్రతిపాదించారు. అందులో ఉద్వేగం ఒక్కటే ఉన్న ప్రేమ లిమరెన్స్‌కు దగ్గరగా ఉంటుంది.

లిమరెన్స్ భావనపై విమర్శలూ ఉన్నాయి. టెనోవ్ సమాచారం ఎక్కువగా స్వయంగా ముందుకొచ్చి చెప్పినవారిది. లిమరెన్స్‌కూ ఉద్వేగభరిత ప్రేమకూ గీత ఎక్కడ గీయాలన్నది తేలలేదు. ఆల్బర్ట్ వాకిన్ వంటి కొందరు దీన్ని వ్యసనం, నిర్బంధ ప్రవర్తనల లక్షణాలున్న ప్రత్యేక స్థితిగా పరిగణించాలన్నారు. టెనోవ్ మాత్రం దీన్ని ఆరోగ్యవంతులకూ కలిగే సహజానుభవంగానే చూశారు. నేటి వాడుకలో ఈ పదం ఫలించని, పట్టి పీడించే వలపుకే పరిమితమవుతోంది. ఆమె నిర్వచనంలో పరస్పరం ప్రేమించుకుని పెళ్లాడినవారి తొలినాటి తహతహ కూడా ఇదే.

మెదడులో జరిగేది

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆండ్రియాస్ బార్టెల్స్, సెమీర్ జెకీ 2000లో ప్రేమలో ఉన్న 17 మందికి ప్రియుల ఫొటోలు, స్నేహితుల ఫొటోలు చూపిస్తూ మెదడు చిత్రాలు తీశారు. 2005లో ఆర్థర్ అరోన్, హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్ బృందం కొత్తగా ప్రేమలో పడిన మరో 17 మందిని పరీక్షించింది. డోపమైన్ ఉత్పత్తి చేసే వెంట్రల్ టెగ్మెంటల్ ప్రాంతం, కాడేట్ కేంద్రం చురుకుగా కనిపించాయి. ఇవి ప్రతిఫలం కోసం ప్రయత్నించేలా పురికొల్పే వ్యవస్థలోని భాగాలు. అందువల్ల ఫిషర్ ఇలాంటి ప్రేమను భావోద్వేగంగా కంటే ఆకలి, దాహం వంటి ప్రేరణగా చూడాలన్నారు. 2010లో తిరస్కారానికి గురై ఇంకా మరచిపోలేని 15 మందిని చూసినప్పుడు కూడా ఇదే వ్యవస్థ పనిచేస్తూ కనిపించింది. వద్దన్న తరువాత తహతహ వెంటనే ఎందుకు ఆగదో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంలో డొనటెల్లా మరాజిటి బృందం 1999లో మరో కోణం చూపింది. కొత్తగా ప్రేమలో పడిన 20 మంది, అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ ఉన్న 20 మంది, మామూలు వ్యక్తులు 20 మంది రక్తాన్ని పోల్చారు. మొదటి రెండు వర్గాల రక్తఫలకికల్లో సెరటోనిన్ రవాణా ప్రొటీన్ తక్కువగా ఉంది. ఏడాది గడిచాక కొందరు ప్రేమికులను మళ్లీ పరీక్షిస్తే అది మామూలు స్థాయికి చేరింది. ఈ పరిశోధనకు 2000లో ఇగ్ నోబెల్ బహుమతి లభించింది. అయితే 2012లో సాండ్రా లాంగెస్లాగ్ బృందం, ప్రేమలో ఉన్న పురుషుల రక్తంలో సెరటోనిన్ తక్కువగా, స్త్రీలలో ఎక్కువగా ఉన్నట్టు కనుగొంది. కాబట్టి సెరటోనిన్ తగ్గడమే ప్రేమోన్మాదానికి కారణమని ఒక్క మాటలో తేల్చడం తొందరపాటే.

సమీప స్థితులతో భేదం

ఎరొటోమేనియా ఉన్నవారు అవతలి వ్యక్తి తమను ప్రేమిస్తున్నారని భ్రాంతితో గట్టిగా నమ్ముతారు. ఫ్రెంచి మనోవైద్యుడు ద క్లెరాంబో 1921లో వర్ణించిన ఈ స్థితికి చికిత్స అవసరం. లిమరెన్స్‌లో ఉన్నది నమ్మకం కాదు, ఆశ మాత్రమే. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్‌లోని ఆలోచనలు రోగికి అయిష్టమైనవి. లిమరెన్స్‌లోని తలపులు చాలావరకు తీపిగానే ఉంటాయి, భారమయ్యేది తరువాత. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ రోగనిర్ధారణ గ్రంథంలో లిమరెన్స్ వ్యాధిగా చోటు పొందలేదు.

సమాజం, చట్టం

తన అనుభవం తీవ్రంగా ఉన్నంత మాత్రాన అవతలివారి మనసులోనూ అదే ఉందనుకోవడం లిమరెన్స్ కలిగించే పెద్ద పొరపాటు. కాదన్న అమ్మాయి చుట్టూ తిరిగి, చివరికి ఆమె మనసు గెలిచే నాయకుడి కథ తెలుగుతో సహా భారతీయ సినిమాల్లో పాతబడిన సూత్రం. నిజజీవితంలో అది నేరం. 2013లో భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షన్ చేర్చి, అయిష్టం తెలిపిన స్త్రీని పదేపదే వెంబడించడం, సంప్రదించబోవడం, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం శిక్షార్హం చేశారు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 78వ సెక్షన్. మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన ‘షీ టీమ్స్’ అనే పోలీసు బృందాలు ఇలాంటి ఫిర్యాదులను స్వీకరిస్తాయి.

బయటపడే మార్గాలు

దీనికి ప్రత్యేకమైన మందు లేదు. టెనోవ్ పరిశీలనలో పనిచేసినది సంబంధం పూర్తిగా తెంచుకోవడం. కలవకపోవడం, సందేశాలు పంపకపోవడం, సామాజిక మాధ్యమాల్లో వారిని చూడటం మానడం ఇందులోకి వస్తాయి. 2018లో లాంగెస్లాగ్, మిషెల్ శాంచెజ్ ప్రచురించిన ప్రయోగంలో, విడిపోయిన వ్యక్తి లోపాలను తలచుకున్నవారికి ప్రేమభావం తగ్గింది గాని మనసు చేదయింది. ధ్యాస వేరే విషయాలపైకి మళ్లించినవారికి మనసు తేలికపడింది గాని ప్రేమ తగ్గలేదు. రెండూ అవసరాన్ని బట్టి ఉపయోగించుకోదగినవే.

వీటన్నిటికంటే ముందుది, సందిగ్ధతను తొలగించుకోవడం. సంకేతాలకు అర్థాలు వెతుక్కుంటూ నెలలు గడపడం కంటే మర్యాదగా ఒక్కసారి అడిగి, వచ్చిన జవాబును అలాగే స్వీకరించడం ఇద్దరికీ మేలు. చదువు, ఉద్యోగం, నిద్ర దెబ్బతింటున్నా, చనిపోవాలన్న తలపు వస్తున్నా సిగ్గుపడకుండా మనోవైద్యుణ్ని కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.